పీట ఎవరిది? విశాఖలో చూసిన ‘కన్యాశుల్కం’

అగ్నిహోత్రావధాన్లు నోరు తెరవకముందే సగం హాలు ఆ మాట అనేసింది. "తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి!" మన ఇళ్ళలో సామెతలా వాడుకునే మాట కదా, నటుడి కంటే ముందు అనడం ప్రేక్షకులకు సరదా. నేనూ పెదవి కదిపాను. కానీ పీట మీద కూర్చున్న ఆ నటుడు తొందరపడలేదు. నవ్వులు ఆగేదాకా విస్తరిలో అన్నం కలుపుతూ ఉండిపోయాడు. అంతా సద్దుమణిగాక, తల ఎత్తకుండా, పొరుగింటికి వినపడకూడదన్నంత తగ్గు గొంతుతో అదే మాట అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. గరిటెతో వడ్డించబోతున్న భార్య వెంకమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. గరిటెలోంచి పప్పు చుక్కలు చుక్కలుగా నేల మీద పడింది.

నా ఎడమ పక్కన మా అమ్మ కూర్చుని ఉంది. ఆమెకు 79 ఏళ్ళు. ఒళ్ళో ఉన్న చేతిసంచి పట్టీని గట్టిగా చుట్టుకుంది.

పోయిన ఆదివారం విశాఖపట్నంలో ఒక ఔత్సాహిక బృందం వేసిన ప్రదర్శన ఇది. టికెట్టు 200 రూపాయలు, పెద్దవాళ్ళకు, విద్యార్థులకు 100. ఆరున్నరకు మొదలవుతుందన్నారు, ఆరు నలభైకి మొదలైంది. మధ్యలో ఒక విరామంతో కలిపి రెండు గంటల యాభై నిమిషాలు. నటీనటులు ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళు సాధన చేసినవాళ్ళని నిర్వాహకులు చెప్పారు. దర్శకురాలు ముప్పై దాటిన యువతి. నాటకం మీద ఆమెకు ఒక స్పష్టమైన ఆలోచన ఉంది. అది నన్ను నాలుగు రోజులుగా వదలడం లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

‘కన్యాశుల్కం’ గురించి తెలియని తెలుగువాళ్ళు తక్కువ. గురజాడ అప్పారావు రాసిన ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని తిరగరాసి చాలా పెంచారు. ఇప్పుడు మనం చదివేదీ ఆడేదీ ఆ రెండో కూర్పునే. మొత్తం ఆడాలంటే ఒక పూట చాలదు. అందుకని ప్రతి బృందమూ తనకు కావలసినంత కత్తిరించుకుంటుంది. ఏది ఉంచారు, ఏది తీసేశారు అన్న దాన్ని బట్టే ఆ బృందం నాటకాన్ని ఎలా చదివిందో తెలిసిపోతుంది. నేను చూసిన ప్రదర్శనల్లో చాలామటుకు మాటకారి మోసగాడు గిరీశాన్ని ఉంచుకుని మిగతావాళ్ళను ఆయనకు తాళం వేసేవాళ్ళుగా మార్చినవే. విజయనగరం ప్రాంతం వాళ్ళకు జె.వి. రమణమూర్తి గారి గిరీశం ఒక ఇంటి జ్ఞాపకం. 1955లో వచ్చిన సినిమాలో గిరీశం ఎన్.టి. రామారావు. అంతటివాళ్ళు వేసిన వేషం కాబట్టి ఆ పాత్ర అనగానే మనకు ముందు ముద్దు వస్తుంది, ఆ తరువాతే అనుమానం.

ఈ ప్రదర్శన గిరీశంతో మొదలు కాలేదు. తెర తీసేసరికి నలుగురు ఆడపిల్లలు, పదీ పన్నెండేళ్ళవాళ్ళు, ఒక తక్కెడ చుట్టూ నిలబడి ఉన్నారు. గురజాడ మొదటి కూర్పుకు ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాటలోని లెక్కలను తెలుగులో చదివారు. విజయనగరం ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళకు, అంటే ఆడపిల్లకు వెల పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళకు, జాబితా రాయించారు. మూడేళ్ళకు లెక్క తేలినవి 1,034. ఐదేళ్ళకే పెళ్ళయిన పిల్లలు 99 మంది, నాలుగేళ్ళకు 44, మూడేళ్ళకు 36, రెండేళ్ళకు ఆరుగురు. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురి ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. చివరి లెక్క చదువుతూ ఒక పిల్ల మూడు ఏటికొప్పాక లక్కబొమ్మలను తక్కెడలో ఒక్కొక్కటిగా పెట్టింది. పళ్ళెం కిందికి వంగింది. పిల్లలు వెళ్ళిపోయారు కానీ తక్కెడ మాత్రం వేదిక మీదే, చివరిదాకా ఉండిపోయింది. తరువాతే విజయనగరం బొంకుల దిబ్బ, గిరీశం.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ సమీక్ష ఎవరు రాశారో మీకు తెలియదు. 1985లో విజయనగరంలో డిగ్రీ చివరి ఏడాది చదువుతూ కళాశాల వార్షికోత్సవంలో అగ్నిహోత్రావధాన్లు వేషం వేశాను. నాకు ఇరవై ఏళ్ళు. ఆ పాత్ర కోసం పెద్దగా కష్టపడలేదు, మా నాన్ననే దించేశాను. భోజనానికి కూర్చునే ముందు పంచె అంచు చేత్తో పైకి లాక్కోవడం, గొంతు సవరించుకోవడం, కూర నచ్చకపోతే ముందు కుడి కనుబొమ్మ ఒక్కటే పైకి వెళ్ళడం. నాకు బహుమతి వచ్చింది. హాల్లో అందరికంటే గట్టిగా నవ్వినవారు రెండో వరుసలో కూర్చున్న మా నాన్నగారే. ఆయన పక్కన అమ్మ ఉంది. అప్పుడు ఆమె ముఖం చూడాలన్న ఆలోచన నాకు రాలేదు.

నాకు తొమ్మిదో పదో ఏడు వయసున్నప్పుడు బెండకాయ పులుసులో ఉప్పు ఎక్కువైందని నాన్న మంచినీళ్ళ చెంబును గోడకేసి కొట్టారు. సున్నం పెచ్చు ఊడి బొటనవేలంత గుంట పడింది. ఎన్ని పండుగలకు సున్నం వేయించినా ఆ గుంట లోతు తెలుస్తూనే ఉండేది, ఇల్లు అమ్మేవరకూ. అమ్మ ఆ రోజు నేల తుడిచి మళ్ళీ పులుసు పెట్టింది. నాన్న మంచివారు కాదని నేను చెప్పడం లేదు. మా చదువులకు తన పొలం అమ్మిన మనిషి. కానీ సాయంత్రం ఆయన సైకిలు గంట వీధి మలుపులో వినపడగానే మా ఇంట్లో మాటలు ఆగిపోయేవి. అది భయమని మాకు తెలియదు, క్రమశిక్షణ అనుకున్నాం.

అందుకే ఆ భోజనాల ఘట్టం దగ్గర నాకు ఊపిరి బరువెక్కింది. కథ తెలిసిందే. పెద్ద కూతురు బుచ్చమ్మను ముసలివాడికి అమ్మి, ఆమె విధవై ఇంటికి వచ్చి కూర్చున్నా, అగ్నిహోత్రావధాన్లు చిన్నదైన సుబ్బిని మరో ముసలివాడు లుబ్ధావధాన్లకు కట్టబెట్టాలని నిశ్చయించుకుంటాడు. భార్య వెంకమ్మ వద్దంటుంది. బావమరిది కరటకశాస్త్రి వద్దంటాడు. అప్పుడు ఈయన భోజనం చివర పట్టే ఉత్తరాపోశనం కూడా పట్టకుండా విస్తరి ముందు నుంచి లేచి, చెంబులో నీళ్ళు కరటకశాస్త్రి నెత్తిన కుమ్మరించి వెళ్ళిపోతాడు. నేను వేసినప్పుడు ఇదే అందరూ పడీ పడీ నవ్విన చోటు. ఈ నటుడు ఆ చెంబును ఎత్తడానికి చాలాసేపు తీసుకున్నాడు. ఎత్తాక ఒక్క క్షణం అది ఎవరి మీద పడుతుందో మనకు తెలియదు. వెంకమ్మ తనకు తెలియకుండానే మోచెయ్యి ముఖానికి అడ్డు పెట్టుకుంది. నీళ్ళు తమ్ముడి మీద పడ్డాయి. ఆమె మోచెయ్యి కిందికి దిగడానికి మరి కాసేపు పట్టింది.

మోచెయ్యి అలా పైకి లేవాలని గురజాడ రాయలేదు. కానీ రాసిన ప్రతి మాట వెనకా అది ఉంది. ఇన్నేళ్ళూ మేము చూడలేదు, అంతే.

అసలు ఈ దర్శకురాలు పెట్టుకున్న నియమం ఒకటే, అది అర్థం కావడానికి నాకు అరగంట పట్టింది. వేదిక మీద మగవాళ్ళు మాత్రమే కూర్చుంటారు. అగ్నిహోత్రావధాన్లకు పీట, కోర్టు వ్యవహారాల రామప్ప పంతులుకు పడక కుర్చీ, లుబ్ధావధాన్లకు డబ్బున్న పెట్టె. గిరీశానికి సొంత ఆసనం లేదు, ఎవరిది దొరికితే దాని మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. అది చూస్తే ఆయన బతుకంతా తెలిసిపోతుంది. ఆడవాళ్ళు మాత్రం నిలబడే ఉంటారు. గుమ్మం దగ్గర, స్తంభం పక్కన, నూతి గట్టు దగ్గర. ఒక చోట బుచ్చమ్మ అలసిపోయి కూర్చోబోతుంది, లోపలి నుంచి తండ్రి దగ్గు వినపడి మళ్ళీ లేస్తుంది. ఒక్క దగ్గుతో ఇంత చెప్పగలరా అనిపించింది.

గిరీశం వేసిన కుర్రాడికి పాతికేళ్ళుంటాయేమో. సన్నగా, మెత్తటి గొంతుతో, వినేవాళ్ళను తన వైపు లాక్కునేలా మాట్లాడాడు. అరుపులు లేవు, చేతులు ఊపడం లేదు, ఇంగ్లీషు ముక్కలను నవ్వు కోసం సాగదీయడం లేదు. గిరీశం ఎవరినీ కొట్టడు. పొగుడుతాడు, జాలిపడతాడు, సంస్కరణ గురించి ఉపన్యాసాలిస్తాడు. పూటకూళ్ళమ్మ డబ్బు తిన్నా, ఊళ్ళో అప్పులవాళ్ళ నుంచి తప్పించుకోవడానికి అగ్నిహోత్రావధాన్ల కొడుకు వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో అగ్రహారం చేరినా, బుచ్చమ్మకు వితంతు వివాహం గురించి బోధించినా, వాడేది ఒకే ఆయుధం, నోరు. అధికారానికి గట్టి గొంతు అక్కరలేదని ఈ ప్రదర్శన బాగా చూపింది. బుచ్చమ్మకు స్వేచ్ఛ గురించి చెబుతున్నంతసేపూ గిరీశం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె నీళ్ళ బిందెతో లోపలికి వెళ్ళాలి. ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి చూసింది. అతను జరగలేదు, తను జరగాలన్న సంగతి అతనికి తట్టనే లేదు. చివరికి ఆమె బిందె దింపి వినడం మొదలుపెట్టింది. మా అమ్మాయి నా చెవిలో, "నాన్నా, మా ఆఫీసులో రోజూ ఇదే" అంది. ఎవరని అడిగితే చెప్పలేదు.

ఈ ప్రదర్శనలో నన్ను అన్నిటికంటే కదిలించింది వెంకటేశం. ఆ పాత్రను ఎప్పుడూ బండవాడిగా, పరీక్ష తప్పిన వెర్రివాడిగా వేస్తారు. ఇక్కడ అతను పదమూడేళ్ళ నిజమైన పిల్లవాడు. గిరీశం అతనికి చుట్ట కాల్చడం నేర్పే ఘట్టంలో మొదట దగ్గుతాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. అతని కన్ను మాత్రం గురువు వేళ్ళు చుట్టను ఎలా పట్టుకున్నాయో దాని మీదే. అక్కడి నుంచి వాడిని గమనించండి. రెండో రంగంలో గిరీశంలా ఉత్తరీయం భుజాన వేసుకుంటాడు. తరువాత గిరీశంలా కాలు మీద కాలేసుకుంటాడు. భోజనాల గొడవ జరుగుతున్నప్పుడు స్తంభం వెనక వణుకుతూ నిలబడ్డవాడు, తరువాతి రంగంలో మంచినీళ్ళు తెచ్చిన బుచ్చమ్మ వైపు తల తిప్పకుండా చెయ్యి మాత్రం చాపుతాడు, అచ్చం తండ్రిలా. మాట లేదు. ఆమె చెంబు చేతిలో పెడుతుంది. నాటకంలో ఎవరూ దీన్ని పట్టించుకోరు. నేను మాత్రం 1985లో బహుమతి తెచ్చిపెట్టిన నా కుడి కనుబొమ్మను తలచుకున్నాను. నేను దాన్ని ఎక్కడ నేర్చుకున్నానో, పెళ్ళయిన తరువాత నా ఇంట్లో ఎన్నిసార్లు అది పైకి లేచిందో లెక్క చూసుకున్నాను. మా ఆవిడ ఆ రోజు నాటకానికి రాలేదు. రాత్రి ఇంటికి వెళ్ళాక ఆమెను అడిగాను. కాసేపు ఆలోచించి, "ఈమధ్య తగ్గింది" అంది.

విరామం తరువాత మహేశం వచ్చాడు. సుబ్బిని తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేయించి, తన కూతురని చెప్పి లుబ్ధావధాన్లకు పెళ్ళి చేస్తాడు కదా. ఆ వేషం నేర్పే ఘట్టాన్ని ఒక చిన్న పాఠంలా మలిచారు. తల దించు, గొంతు తగ్గించు, అడుగు చిన్నగా వెయ్యి, ఎవరైనా వస్తే పక్కకు జరుగు, నవ్వితే పళ్ళు కనపడకూడదు. కుర్రాడు పది నిమిషాల్లో నేర్చేసుకున్నాడు. అప్పుడు హాల్లో పెద్ద నవ్వు వచ్చింది, మంచి నవ్వే. ఆ వెనకే నాకు తోచింది: ఆడతనం పది నిమిషాల పాఠమైతే, వెంకటేశం అంతసేపూ నేర్చుకుంటున్నది రెండో పాఠం. ఈ రెండు పాఠాలనూ ఒకే నాటకంలో పక్కపక్కన పెట్టిన గురజాడ చూపు ఎంత దూరం వెళ్ళిందో! ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టిన కాలంలో పుట్టిన నాటకమని గుర్తు తెచ్చుకుంటే ఇంకా ఆశ్చర్యం.

రామప్ప పంతులు పాత్రధారి అనుభవం ఉన్నవాడు, బహుశా అందరిలోకీ పెద్దవాడు. కోర్టులన్నీ తన చేతిలో ఉన్నట్టు మాట్లాడుతూనే వేశ్య మధురవాణి ఎదుట కుంచించుకుపోయే మనిషిని భలేగా పట్టుకున్నాడు. మగతనం డాబుగా మిగిలి, లోపల ఏమీ లేనప్పుడు మనిషి ఎంత భయపడతాడో అతని చేతివేళ్ళలో కనపడింది. మంచం కింద దూరినప్పుడు పూటకూళ్ళమ్మ చీపురు దెబ్బ అతనికి తగిలితే హాలంతా చప్పట్లు. పాతికేళ్ళ కిందట చూసినప్పుడూ అంతే. కొన్ని నవ్వులు పాతబడవు, పాతబడకూడదు కూడా. లుబ్ధావధాన్లు మాత్రం మామూలుగా వేశారు, దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు.

మధురవాణి ఈ నాటకానికి మెదడు. ఈ ప్రదర్శనలో ఆ పాత్ర వేసిన నటికి గొంతు కొంచెం పలుచన, పెద్ద సంభాషణల చివర ఊపిరి చాలలేదు. అయినా ఆమె మగవాళ్ళను చూసే పద్ధతిలో ఒక నిదానం ఉంది. ఒక్కొక్కణ్ణి తూకం వేసినట్టు చూస్తుంది. తక్కెడ పక్కనే వేదిక మీద ఉన్నది ఇందుకేనా అనిపించింది. చివరి అంకంలో సంస్కరణవాది అయిన వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి ఆమె మగవేషంలో వస్తుంది. ఆయన ఎదురెళ్ళి మర్యాదగా కుర్చీ చూపిస్తాడు. ఆమె కూర్చుంటుంది.

అప్పటికి రెండు గంటల ఇరవై నిమిషాలైంది. ఆ వేదిక మీద ఒక ఆడమనిషి కూర్చోవడం అదే మొదటిసారి, అదీ పంచె కట్టి, తలపాగా చుట్టి వచ్చింది కాబట్టి. దర్శకురాలు ఒక్క వాద్యం కూడా వాడలేదు, దీపం మార్చలేదు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు ఒక్కటే. నాకు వెన్నులో జల్లుమంది. తరువాత ఆమె ఎవరో బయటపడ్డాక, వేశ్యల పొడ గిట్టని ఆ పెద్దమనిషి గభాలున లేచి నిలబడతాడు. ఆమె మాత్రం లేవదు. అలా ఒక నిమిషం గడిచింది, ఆడమనిషి కూర్చుని, మగవాడు నిలబడి. ఇంత పాత నాటకంలో ఇంత కొత్త చిత్రం చూస్తానని అనుకోలేదు.

ఇక నాకు నచ్చనివి. మొదటిది, పెద్దది: మీనాక్షిని దాదాపు తీసేశారు. లుబ్ధావధాన్ల విధవ కూతురు మీనాక్షి. రామప్ప పంతులు ఆమెను వాడుకుంటాడు, పెళ్ళి చేసుకుంటానని ఆశపెట్టి వదిలేస్తాడు. మగవాళ్ళ పెత్తనం గురించే నాటకం ఆడుతూ, ఆ పెత్తనానికి అందరికంటే ఎక్కువగా నలిగిన మనిషిని రెండు మాటలకు కుదించడం నాకు అర్థం కాలేదు. సారా దుకాణం రంగం, బైరాగి పోయినా బాధ లేదు, సమయం చాలదు కదా. మీనాక్షికి పది నిమిషాలు ఇవ్వాల్సింది. ఆమె ఉంటే రామప్ప పంతులు మీద మన నవ్వు కూడా మధ్యలో ఆగేది.

రెండోది నుయ్యి. వేదికకు కుడి పక్కన గిలక, చేంతాడు, బొక్కెనతో నూతి గట్టు కట్టారు. చాలా బాగుంది. వెంకమ్మ నూతిలో పడిందన్న కేక లోపలి నుంచి వినపడినప్పుడు గిలక దానంతట అదే తిరగడం గుండెలు పట్టేసింది. కానీ ఆ తరువాత ఎక్కడ పెళ్ళి బేరం వచ్చినా గిలక కిర్రుమనడం మొదలైంది. నాలుగోసారికి ప్రభావం పోయింది. కుర్చీ చప్పుడు మీద అంత నమ్మకం ఉంచిన దర్శకురాలు గిలకను కూడా ఒక్కసారితో వదిలేయాల్సింది. వయొలిన్ కూడా అలాగే, బుచ్చమ్మ కనపడినప్పుడల్లా ఏడ్చింది. ఆ అమ్మాయి ముఖమే చాలు.

మూడోది హాలు సంగతి. వెనక వరుసలకు మాటలు సరిగా అందలేదు. మేము పదకొండో వరుసలో ఉన్నాం, అమ్మకు చాలా చోట్ల నేను మెల్లగా చెప్పాల్సి వచ్చింది. మెట్ల దగ్గర పట్టుకోవడానికి కమ్మీ లేదు. నాటకాలు చూడటానికి వచ్చేవాళ్ళలో సగంమంది అరవై దాటినవాళ్ళే, వాళ్ళ మోకాళ్ళ గురించి హాలువాళ్ళు ఆలోచించాలి. విరామంలో టీ బాగుంది, పది రూపాయలు.

సౌజన్యారావు పంతులు విషయంలో మాత్రం నేనూ మా అమ్మాయీ తిరుగు ప్రయాణంలో గట్టిగానే వాదించుకున్నాం. చివరికి బుచ్చమ్మను లేవదీసుకొచ్చిన గిరీశం ఆట కట్టించి, ఆమెను పూనాలో విధవలు చదువుకునే చోటికి పంపాలని నిర్ణయించేది ఆయనే. ఆయన ఆ మాట చెబుతున్నంతసేపూ దర్శకురాలు బుచ్చమ్మను వేదిక అంచున, చీకట్లో, మూటతో నిలబెట్టింది. ఎవరూ ఆమె వైపు తిరగరు, ఎవరూ ఆమెను అడగరు. తండ్రి నిర్ణయించాడు, గిరీశం నిర్ణయించాడు, ఇప్పుడు మంచివాడూ నిర్ణయించాడు అన్నది అక్కడి భావం. మా అమ్మాయికి అదే ప్రదర్శనలోకెల్లా గొప్ప ఘట్టం. నాకు అది అన్యాయంగా తోచింది. అమ్మినవాడినీ, మాయమాటలతో లేవదీసుకొచ్చినవాడినీ, చదువుకోమని పంపినవాడినీ ఒకే వరుసలో నిలబెట్టకూడదు. ఆ కాలంలో విధవరాలికి చదువుకునే తలుపు తెరిచిన మనిషికి ఎన్ని శత్రుత్వాలో చదివినవాళ్ళకు తెలుసు. "తలుపు తెరవడం సరే నాన్నా, వెళతావా అని అడగడానికి ఎంత సేపు పడుతుంది?" అంది మా అమ్మాయి. నా అభిప్రాయం మార్చుకోలేదు. కానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు కూడా లేదు.

గిరీశం చివరి మాట "డామిట్, కథ అడ్డం తిరిగింది" కూడా జనం ముందే అన్నారు. ఆ కుర్రాడు దాన్ని బుచ్చమ్మ వైపు చూస్తూ అన్నాడు, తన వస్తువు ఎవరో తీసుకుపోయినవాడిలా. తెర పడ్డాక పాత్రధారులంతా వచ్చి నిలబడ్డారు. చప్పట్లు చాలాసేపు సాగాయి.

అమ్మ బయటికి వస్తూ, వెంకమ్మ వేసిన అమ్మాయిని చూడాలంది. వేషం తుడుచుకుంటూ ఉన్న ఆ పిల్ల దగ్గరికి తీసుకువెళ్ళాను. దగ్గరగా చూస్తే ముప్పై ఏళ్ళు కూడా లేవు. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "వడ్డిస్తున్నంతసేపూ ఆయన చేతి వైపే చూస్తూ ఉన్నావు, ముఖం వైపు చూడలేదు. అలా చూడాలని నీకు ఎవరు చెప్పారమ్మా?" అని అడిగింది. ఆ అమ్మాయి వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, "ఎవరూ చెప్పలేదు మామ్మగారూ, మా ఇంట్లో చూశాను" అంది. అమ్మ తల ఊపింది. ఇద్దరూ చేతులు వదలకుండా నిలబడ్డారు. నేను పక్కకు జరిగి మెట్ల దగ్గర ఆగాను.

వచ్చే నెల మొదటి ఆదివారం విజయనగరంలో మళ్ళీ వేస్తారట. టికెట్లు హాలు దగ్గరే ఇస్తారు, ఆరింటికల్లా వెళితే మంచిది. మగపిల్లలున్నవాళ్ళు పన్నెండు దాటినవాళ్ళను వెంట తీసుకువెళ్ళండి. నేను ఈసారి మా ఆవిడను కూడా తీసుకువెళుతున్నాను. అమ్మ మళ్ళీ వస్తానంది. ముందు వరుసలో చోటు చూడమంది, వెంకమ్మ ముఖం ఈసారి సరిగ్గా కనపడాలట.